దాత పక్కన గడిచే గంటలు

బ్రెయిన్ డెత్ అయిన మనిషికి చాలాసార్లు మూత్రం ఆగకుండా పోతూనే ఉంటుంది. ఒంట్లో నీటిని నిలబెట్టమని కిడ్నీలకు చెప్పే హార్మోను మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి నుంచి రావాలి. మెదడు పోయాక తరచుగా అదీ ఆగిపోతుంది. నీరు పోయేకొద్దీ రక్తంలో సోడియం ఎక్కుతుంది. 145 దాటకూడనిది 155, 160కి పోతుంది. అప్పటికే బీపీ జారిపోతుంటుంది. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు, నర్సు దీన్ని పట్టించుకున్నారా లేదా అన్నదాన్ని బట్టి, మర్నాడు ఇంకొకరి ఒంట్లో ఈ మనిషి లివరు ఎలా పనిచేస్తుందన్నది కొంతవరకు తేలిపోతుంది.

నేను హైదరాబాద్‌లో ఐసీయూ డాక్టర్ని. దాతల్నీ చూస్తాను, లివరు మార్పించుకున్నవాళ్లనీ చూస్తాను. అందరి కళ్లూ ఆపరేషన్ మీదే ఉంటాయి కానీ, లివరు మంచిచెడ్డలు అంతకుముందే మొదలవుతాయి. 1994 అవయవ మార్పిడి చట్టం కింద నలుగురు డాక్టర్లు, కనీసం 6 గంటల తేడాతో, రెండుసార్లు పరీక్షించి బ్రెయిన్ డెత్‌ను నిర్ధారించాలి. ఆ తర్వాత కుటుంబంతో మాట్లాడాలి. అక్కడ తొందర పనికిరాదు. వాళ్లు ఒప్పుకున్నాక లివరు ఎవరికి వెళ్లాలో ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్ వరుస చూసి చెబుతుంది. ఇంతసేపూ ఆ ఒంటిని నిలబెట్టాల్సింది మేమే. ఆగిపోయిన ఆ హార్మోనునే, అంటే వాసోప్రెసిన్, ఎక్కించాలి, సెలైన్ సరిచూడాలి, గంటగంటకూ మూత్రం కొలవాలి. ఇవేవీ ఖరీదైన వైద్యాలు కావు. ‘పోయిన మనిషే కదా’ అని ఎక్కడైనా వీటిని వదిలేస్తే నాకు బాధే కాదు, కోపం కూడా వస్తుంది.

లివరు తీసేటప్పుడు సర్జన్ కంటితో చూసి, వేళ్లతో తడిమి అంచనా వేస్తారు. మంచి లివరు ముదురు ఎరుపులో, పల్చని అంచుతో, మెత్తగా ఉంటుంది. కొవ్వు పట్టినది పసుపు తిరిగి, అంచు మొద్దుబారి ఉంటుంది. అనుమానముంటే చిన్న ముక్క మైక్రోస్కోపు కిందికి వెళ్తుంది. పెద్ద కొవ్వు బిందువులు నిండిన కణాలు 30 శాతం లోపుంటే సాధారణంగా తీసుకుంటారు. 60 దాటితే ఎక్కువమంది వద్దంటారు. ఆ మధ్యలో ఉన్నదాని గురించే రాత్రిపూట ఫోన్లలో వాదనలు. కొవ్వుతో ఉబ్బిన కణాలు పక్కనున్న సన్నని రక్తనాళాలను నొక్కేస్తాయి. రక్తం మళ్లీ వదిలినప్పుడు అది లోపలి దాకా పారదు.

చల్లదనం కూడా లెక్కలోకి వస్తుంది. 1980లలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో బెల్జర్, సదర్డ్ తయారుచేసిన ద్రావణం వల్ల లివరును 4 డిగ్రీల దగ్గర 12 గంటల దాకా ఉంచగలుగుతున్నాం. అయినా ప్రతి గంటా కణాల్లో శక్తి తరుగుతూనే ఉంటుంది. అసలు దెబ్బ మాత్రం రక్తం తిరిగొచ్చాక తగులుతుంది. ఆక్సిజన్ ఒక్కసారిగా చేరి, అలసిన కణాలను గాయపరుస్తుంది. వయసు మళ్లిన లివరు, కొవ్వు పట్టిన లివరు ఈ దెబ్బకు తట్టుకోవడం కష్టం.

మార్పిడి తర్వాతి ఏడు రోజులూ మా చేతుల్లో. బంగారు రంగు పైత్యరసం ఊరిందంటే, లాక్టేట్ దిగిందంటే, మనిషి కళ్లు తెరిచి పిలిస్తే పలికాడంటే ఊపిరి పీల్చుకుంటాం. మొదటి వారంలో లివరు ఎంజైములైన ఏఎస్‌టీ గానీ ఏఎల్‌టీ గానీ 2000 దాటినా, ఏడో రోజున బిలిరుబిన్ 10కి చేరినా, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్ఆర్ 1.6కి చేరినా లివరు తడబడుతోందని లెక్క. చాలామంది ఇందులోంచి తేరుకుంటారు. అరుదుగా లివరు అసలు పనే మొదలుపెట్టదు. దాన్నే ప్రైమరీ నాన్ ఫంక్షన్ అంటారు. అప్పుడు వెంటనే ఇంకో లివరు దొరకాలి, వేరే మందు లేదు. లివరుకు వెళ్లే ధమనిలో గడ్డ కట్టినా ఇలాగే కుప్పకూలుతుంది కాబట్టి మొదటి రోజుల్లో డాప్లర్ స్కాన్ మళ్లీ మళ్లీ చేస్తాం. అందులో తప్పు దాత లివరుదే కానక్కర్లేదు.

లివరును ఐసులో పెట్టకుండా, ఒంటి వేడిలోనే రక్తం పారిస్తూ ఉంచే యంత్రం ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టింది. 2013లో లండన్ కింగ్స్ కాలేజీ ఆసుపత్రిలో దానితో తొలిసారి మార్పిడి జరిగింది. యూరప్‌లో 220 మార్పిడుల మీద జరిగిన పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. లివరు గాయం సగానికి తగ్గింది, పారేయాల్సి వచ్చిన లివర్లూ సగమయ్యాయి. ఏడాది తర్వాత ఎన్ని నిలిచాయన్నదాంట్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. నాకు దీని గొప్పంతా ముందే పరీక్షించి చూసుకోగలగడంలో ఉంది. అనుమానమున్న లివరు మనిషి ఒంట్లోకి వెళ్లకముందే పనిచేసి చూపిస్తుంది.

"డాక్టరమ్మా, ఇంకా మంచిది దొరికేదాకా ఆగుదామా?" అని ఒక తండ్రి అడిగాడు. లివరు జబ్బు ఎంత ముదిరిందో చెప్పే మెల్డ్ స్కోరు ఆయన కొడుకుకు 30 దాటింది. ఆ స్థితిలో ఆగడమే పెద్ద ప్రమాదమని చెప్పాను. కొంచెం వయసు మళ్లిన లివరైనా సరే, అతనికి అదే ప్రాణం. స్కోరు తక్కువగా ఉండి ఇంట్లో తిరుగుతున్న మనిషికైతే అదే లివరు వద్దనేదాన్నేమో.

అందుకే సంతకం పెట్టేముందు అడగండి. దాత వయసెంత, కొవ్వెంత, చలువలో ఎన్ని గంటలుంటుంది, ఆగితే మావాడికి ఏమవుతుంది అని. పేరూ ఊరూ చెప్పరు, చెప్పకూడదు. ఇవి మాత్రం చెప్పి తీరాలి.