కుక్క కరిస్తే వ్యాక్సిన్ ఒక్కటే సరిపోదు



2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో వీధికుక్కల దాడిలో నాలుగేళ్ల బాబు చనిపోయిన వార్త మనమెవరం మర్చిపోలేదు. హైకోర్టు కూడా తనంతట తానే ఆ ఘటనపై విచారణ చేపట్టింది. అప్పటి నుంచి కుక్కల గురించి చాలా మాట్లాడుకున్నాం. కానీ కుక్క కరిచిన వెంటనే ఏం చేయాలో కూడా తెలిసి ఉండాలి.

చిన్నపిల్లలు ఎత్తు తక్కువ కాబట్టి కాటు తరచూ ముఖం, తల, మెడ మీద పడుతుంది. ఆ గాయాల నుంచి రేబిస్ వైరస్ మెదడుకు త్వరగా చేరే ప్రమాదం ఉంది. లక్షణాలు మొదలయ్యాక ప్రాణం దక్కడం దాదాపు అసాధ్యం. అందుకే ఒక్క రోజు కూడా ఆగకూడదు.

ఇంట్లో: గాయాన్ని ట్యాప్ కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం, కాఫీ పొడి పెట్టకండి. రక్తం ధారగా కారుతుంటే ముందు శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టి 108కి ఫోన్ చేయండి.

ఆసుపత్రిలో: వ్యాక్సిన్ వేశాక శరీరంలో రక్షణ తయారవడానికి వారం, పది రోజులు పడుతుంది. ఈలోగా వైరస్‌ను అడ్డుకునేది ఇమ్యూనోగ్లోబ్యులిన్. పిల్లల బరువును బట్టి లెక్కకట్టి, దీన్ని నేరుగా గాయంలోకి, దాని చుట్టూ ఇస్తారు. చర్మం చిట్లి రక్తం వచ్చిన ప్రతి కాటుకూ ఇది కావాలి. "ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఇచ్చారా?" అని డాక్టర్‌ను తప్పకుండా అడగండి. మొదటి రోజు కుదరకపోతే, తొలి వ్యాక్సిన్ డోసు నుంచి ఏడో రోజు వరకు ఇవ్వవచ్చు.

గాయం పెద్దగా ఉందని వెంటనే కుట్లు వేయమని పట్టుబట్టకండి. తప్పనిసరైతే ఇమ్యూనోగ్లోబ్యులిన్ ఇచ్చాకే, వదులుగా వేస్తారు. టెటనస్ ఇంజెక్షన్, యాంటీబయాటిక్స్ అవసరమా అన్నది డాక్టర్ చూసుకుంటారు.

మనకు దగ్గర్లో నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి, నారాయణగూడ ఐపీఎం ఉన్నాయి. పెద్ద గాయమైతే గాంధీ ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

తర్వాత: చర్మంలోకి ఇచ్చే వ్యాక్సిన్ అయితే 0, 3, 7, 28 రోజుల్లో, కండకు ఇచ్చేదైతే 0, 3, 7, 14, 28 రోజుల్లో వేయించాలి. గాయం మానిందని, పరీక్షలున్నాయని ఏ డోసూ మానేయకండి. స్కూల్‌కు సెలవు గురించి అసలు ఆలోచించకండి, మాకు ఒక మెసేజ్ పెడితే చాలు.

చివరిగా ఒక మాట. "అటువైపు ఎందుకెళ్లావ్?" అని తిడతారన్న భయంతో పిల్లలు చిన్న కాటును, గీరును దాచేస్తారు. "కుక్క కరిచినా, గీరినా ముందు నాకు చెప్పు, నేను తిట్టను" అని ఈరోజే మీ పిల్లలకు చెప్పండి. క్లాసులో మేమూ చెబుతాం.