పులుసుకు ఊరి పేరు, బుట్టకు కులం పేరు

సికింద్రాబాద్ మోండా మార్కెట్‌ను ఆనుకొని ఉన్న సందుల్లో ఒక చిన్న చేపల హోటల్ ఉన్నది. పది బల్లలు, స్టీలు పళ్లేలు, పలక మీద సుద్దముక్కతో రాసిన ఆనాటి ధరలు. అంతకు మించి ఆడంబరమేమీ లేదు. మృగశిర కార్తె ప్రవేశించిన వారంలో, ఆదివారం మధ్యాహ్నం, ఒక పరిశోధక విద్యార్థితో కలిసి అక్కడ భోజనానికి కూర్చున్నాను. కార్తె రోజున చేప వండని ఇల్లు తెలంగాణలో అరుదు. రాంనగర్ చేపల మార్కెట్‌లో ఆనాడు కాలు పెట్టడానికి చోటుండదు. ఆ సందడి ఇంకా తగ్గలేదేమో, హోటల్‌లో ఖాళీ బల్ల దొరకలేదు. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు కూర్చున్న బల్ల దగ్గరే మమ్మల్నీ సర్దారు. వారెవరో మాకు తెలియదు. మేమెవరమో వారు అడగలేదు. మంచినీళ్ల జగ్గు, ఉల్లిపాయ ముక్కల పళ్లెం మా మధ్య అటూ ఇటూ తిరిగాయి.

దీనిని చిన్న విషయమని నేను అనుకోను. రాజ్యాంగం 15వ అధికరణలోని రెండవ క్లాజు దుకాణాలను, భోజనశాలలను, హోటళ్లను పేరు పెట్టి మరీ ప్రస్తావించింది. ఆ అవసరం ఎందుకు వచ్చిందో రెండు గ్లాసుల పద్ధతిని చూసిన పల్లెలకు వేరే చెప్పనక్కరలేదు. సికింద్రాబాద్‌కు ఈ విషయంలో కొంత భిన్నమైన చరిత్ర ఉన్నది. 1806లో మూడవ నిజాం సికందర్ జా పేరు మీద వెలసిన దండు ఊరు ఇది. దండు కొలువులను వెతుక్కుంటూ తమిళ, తెలుగు ప్రాంతాల నుంచి వచ్చిన అస్పృశ్య కులాలవారికి ఇక్కడ ధాన్యం గింజలకు బదులు నెలజీతం దొరికింది. తరువాతి కాలంలో ఇరానీ హోటళ్లు కులం అడగకుండా చాయ్ కప్పు అందించాయి. ఆ జగ్గు మా బల్ల మీద స్వేచ్ఛగా తిరగడం వెనుక ఇంత కథ ఉన్నది.

అయితే నా వెంట వచ్చిన విద్యార్థి ఆ రోజు సికింద్రాబాద్ వచ్చింది చేపల కోసం కాదు, అద్దె గది కోసం. పాలమూరు జిల్లాకు చెందిన మాదిగ యువకుడు. అన్నం కలుపుతూ అతను చెప్పిన మాటలు యథాతథంగా రాస్తున్నాను: "పొద్దున్నుంచి నాలుగిండ్లు తిరిగిన అన్నా. అందరూ మొదలు అడిగేది నాన్‌వెజ్ తింటవా అనే. మూడిండ్లల్ల తింట అని చెప్పి బయటికొచ్చిన. నాలుగో ఇంటామెకు తిననని అబద్ధం చెప్పిన. అయినా ఆధార్ కార్డు చూసి, ఈ ఇంటిపేరోళ్లు ఏమిట్లు అని అడిగింది."

ఆ నాలుగో ఇల్లే మొదటి మూడిళ్ల ప్రశ్నకు అర్థం చెప్పింది. కేంద్ర ప్రభుత్వపు నమూనా నమోదు వ్యవస్థ 2014లో జరిపిన సర్వే ప్రకారం తెలంగాణలో 98 శాతానికి పైగా ప్రజలు మాంసాహారులు. దేశంలోనే అత్యధిక శాతాలలో ఇదొకటి. అటువంటి రాష్ట్ర రాజధానిలో ‘వెజ్ ఓన్లీ’ అన్న టు-లెట్ బోర్డులు ఇన్ని వేలాడుతున్నాయంటే, అవన్నీ మిగిలిన రెండు శాతం వారి ఇళ్లేనని నమ్మడం కష్టం. స్వయంగా మాంసం తినే యజమాని కూడా కిరాయిదారు వంటగది విషయంలో శాకాహారి అవుతాడు. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టంగా వచ్చి, 1976లో పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా పేరు మార్చుకున్న శాసనం నివాసగృహాల విషయంలో కూడా అస్పృశ్యతను నేరంగానే పరిగణించింది. కానీ కులం అనే మాట ఎత్తకుండా కూర గురించి మాత్రమే అడిగేవారిని ఏ సెక్షన్ కింద నిలదీయగలం?

ఈ ప్రశ్నకు మన భాషలోనే ఒక ఆధారం దాగి ఉన్నది. మాంసాన్ని, చేపను, వాటి వాసనను కలిపి తెలుగులో ‘నీచు’ అంటాం. తెలంగాణ నోళ్లలో అది ‘నీసు’ అయింది. ‘మేము నీచు ముట్టం’ అని గర్వంగా చెప్పేవారిని అందరమూ చూశాం. వ్యుత్పత్తి ఏదైనా, వినేవాడి చెవిలో ఆ మాట పక్కనే ‘నీచం’ నిలబడి ఉంటుంది. నూటికి తొంభై ఎనిమిది మంది తమ అన్నాన్ని తామే ఆ మాటతో పిలుచుకుంటున్నారు.

మా నాయనమ్మను ఆ మాట పట్టుకొనే ఊరు పిలిచేది. మాది గంగపుత్ర కుటుంబం. ఊళ్లో వాడుక పేరు బెస్త. చెరువులో మా తాత వల వేస్తే, నాయనమ్మ బుట్ట నెత్తిన పెట్టుకొని నాలుగు ఊళ్లు తిరిగేది. బుట్ట ఖాళీ అయిన తరువాత కూడా బస్సులో ఆమెకు సీటు దొరికేది కాదు. సీటు ఉన్నా దొరికేది కాదని నా ఉద్దేశం. "నీసు వాసన, వెనక్కి పో" అని కండక్టర్ అంటే వెనక మెట్ల దగ్గర కూర్చునేది. ఆమె నుంచి చేపలు కొన్నవారే ఆ బస్సులో ముక్కు మూసుకునేవారు. చేప వారి పొయ్యి మీదికి ఎక్కేసరికి ఆ వాసన ఘుమఘుమ అయ్యేది.

ఇక్కడ ఆగిపోతే నా కథ నాకు అనుకూలంగా ఉంటుంది. కానీ అదే నాయనమ్మ మాదిగవాడలో చేపలు అమ్మినప్పుడు, బదులుగా ఇచ్చే జొన్నలను దూరం నుంచి ఎత్తి పోయించుకునేది. ఇంటికి వచ్చాక నీళ్లు చిలకరించి గానీ ఆ గంపను గడప దాటించేది కాదు. చిన్నప్పుడు ఆ నీళ్లు చిలకరించిన చేతుల్లో నావీ ఉన్నాయి. ఆ ఆదివారం ఎదురుగా కూర్చున్న మిత్రుడికి ఈ మాట చెప్పాను. అతను కొంచెంసేపు ముల్లు తీస్తూ ఉండిపోయి, "మా అవ్వ కూడ చెప్పేది అన్నా, చేపలామె గురించి" అన్నాడు.

అంబేడ్కర్ చెప్పిన నిచ్చెనమెట్ల అసమానత తిండికీ వర్తిస్తుంది. చేప, కోడి, మేక, గొడ్డు అని మెట్లు దిగుతూ పోతాయి. చేపది పై మెట్టు. బెంగాల్ బ్రాహ్మణుల పళ్లెంలోకి కూడా అది వెళ్లగలిగింది. మోండా సందులోని బల్ల మీద నీళ్ల జగ్గు అంత సులువుగా తిరగడానికి అక్కడ వడ్డించేది చేప కావడం కూడా ఒక కారణమేమో ఆలోచించాలి. 2012 ఏప్రిల్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పెద్దకూర పండుగ జరిగినప్పుడు రాళ్లు పడ్డాయి. చేపల పండుగ పెడితే ఎవరూ రాళ్లు వేయరు, టికెట్ కొనుక్కొని వస్తారు. ఇదే నగరంలో అంతకు ఒక శతాబ్దం ముందు భాగ్యరెడ్డి వర్మ ఆది హిందూ ఉద్యమాన్ని నడుపుతూ జంతుబలులను మానమని, జీవహింస కూడదని ప్రచారం చేశారు. దానిని లొంగుబాటుగా కొట్టివేసే తొందర ఈ తరంలో కొందరికి ఉన్నది. నేను అలా అనలేను. తిండిని సాకుగా చూపి మనిషిని దూరం పెడుతున్నప్పుడు, ఆ సాకు లేకుండా చేద్దామన్నది ఒక తరం ప్రయత్నం. ఆ సాకునే బహిరంగంగా తిని చూపిద్దామన్నది మరొక తరం ప్రయత్నం. మాంసం మానినవారికీ అద్దెగది దొరకలేదని నాలుగో ఇల్లు చెబుతున్నది.

1936లో లాహోర్‌లో చదవనివ్వని ‘కుల నిర్మూలన’ ప్రసంగంలోనే సహపంక్తి భోజనాలు చాలవని అంబేడ్కర్ తేల్చారు. నగరం ఆ మాటకు మరొక అర్థాన్ని జోడించింది. బల్ల దగ్గర కనిపించకుండా పోయిన కులం ఎక్కడికి వెళ్లిందో చూడాలంటే ధరల పలక చదవాలి. నెల్లూరు చేపల పులుసు, గోదావరి రొయ్యల వేపుడు, ఆంధ్రా వంజరం ఫ్రై. ఊళ్ల పేర్లు, నదుల పేర్లు ఉన్నాయి. కులం పేరు అసలే ఉండదా అంటే, ‘రాజుగారి కోడి పలావు’ నగరమంతటా దొరుకుతుంది. రెడ్డిగారి పేరు మీద, చౌదరిగారి పేరు మీద హోటళ్లున్నాయి. ‘బెస్తవారి పులుసు’ అన్న బోర్డు నాకింతవరకు కనబడలేదు. చేపల పులుసు వండటం మాకంటే బాగా ఎవరికి వచ్చునో నాకు తెలియదు కానీ, అది వేరే తగాదా.

ఆ పలక మీది చేప ఎక్కడినుంచి వచ్చింది? వంజరం, చందువా ఐసు నింపిన థర్మోకోల్ పెట్టెల్లో తూర్పు తీరం నుంచి వస్తాయి. వాటిని పట్టేది జాలరులు, వాడబలిజలు, అగ్నికులక్షత్రియులు, పట్టపువారు. బొచ్చె, రోహు ఎక్కువగా కృష్ణా, గోదావరి జిల్లాల చెరువుల నుంచి లారీల్లో వస్తాయి. కొల్లేరు కథ ఇందులో కీలకం. ఆ సరస్సు మీద తరతరాలుగా వడ్డి కులస్తులు వలలు, మావులతో బతికారు. 1970లలో మత్స్యకారుల, దళితుల సహకార సంఘాల పేరిట చెరువులు తవ్వించారు. పెట్టుబడి లేని సంఘాలు ఆ చెరువులను లీజుకు ఇచ్చేశాయి. లీజుకు తీసుకున్నది ఎక్కువగా బయటి భూస్వామ్య కులాల ధనికులు. అభయారణ్యం హద్దుల్లోని చెరువుగట్లను 2006లో ప్రభుత్వం పేల్చివేసేనాటికి, సొంత సరస్సులో వల వేసినవారిలో చాలామంది అదే సరస్సులో కూలీలుగా మారి ఉన్నారు. ఈ మార్పులో భాష కూడా పాలుపంచుకున్నది. పెట్టుబడి పెట్టి చేపను పెంచేవాడు ‘ఆక్వా రైతు’. చెరువులో దిగి దానిని పట్టేవాడు ‘బెస్తోడు’. ఒకే చేప, ఒకరికి వృత్తి గౌరవం, ఇంకొకరికి కులం గుర్తు. బుట్టలో ఉన్నంతకాలం చేపకు కులం ఉండేది. ఎకరాల లెక్కకు వచ్చాక అది పరిశ్రమ అయింది.

తెలంగాణ ప్రభుత్వం కొర్రమీనును రాష్ట్ర చేపగా ప్రకటించింది, 2016 నుంచి చెరువుల్లో ఉచితంగా చేపపిల్లలను వదిలింది. మంచిదే. చేపకు హోదా వచ్చిన తరువాత, బీసీ-ఏలో ఉన్న గంగపుత్రులు, బీసీ-డీలో ఉన్న ముదిరాజులు సంఘాల సభ్యత్వం కోసం ఒకరితో ఒకరు కొట్లాడుకుంటున్నారు. నీటి మీద హక్కు ఎవరిదన్న ఆ తగాదాకు వేరే వ్యాసం కావాలి. అమ్మకం, నిల్వ, హోటల్ గల్లాపెట్టె ఎవరి చేతుల్లో ఉన్నాయన్న ప్రశ్న మాత్రం రెండు పక్షాల వేదికల మీదా అరుదుగా వినిపిస్తున్నది.

భోజనం ముగించి బయటికి వచ్చాం. హోటల్ వాకిలి పక్కనే, కాలువ ఒడ్డున గోనెసంచి పరచుకొని ఒక నడివయసు స్త్రీ కొర్రమీను కోస్తున్నది. కొర్రమీను నీళ్ల బయట కూడా చాలాసేపు బతుకుతుంది, చేతికి చిక్కదు. ఆమె దానికి బూడిద పులిమి, తలమీద ఒక్క దెబ్బ కొట్టి, కత్తిపీట మీద పొలుసు గీస్తున్నది. మేము తిన్న చేప కూడా ఆమె చేతుల మీదుగానే లోపలికి వెళ్లి ఉంటుంది. కిలోకు ఇంత అని కోతకూలి. "లోపల పులుసు బాగుంటదా అక్కా?" అని అడిగాను.

"ఏమో బిడ్డా, నేనెన్నడు తినలే" అన్నది. "పొద్దున నాలుగింటికి వస్త. ఇంటికాడికెళ్లి పప్పు, అన్నం తెచ్చుకుంట. ఈ బట్టల మీద లోపలికి పోయి కూసుంటే అందరు లేసిపోరా?"

మేమెక్కడి వాళ్లమని ఆమె అడిగింది. ఊరు చెప్పాను, కులం కూడా చెప్పాను. ఆమె నవ్వి, పక్కకు తీసిపెట్టిన రెండు తలకాయలను కవర్లో వేసి నా చేతికిచ్చింది, డబ్బులు తీసుకోలేదు. నా మిత్రుడు అప్పటికే ఫోన్‌లో ఐదో ఇంటి నంబరు కలుపుతున్నాడు.