పాత క్రూయిజ్ కంపెనీ వదిలేసి చవక టికెట్‌కి మారాలా? లాయల్టీ అసలు లెక్క ఇదీ

ఈ ఎపిసోడ్‌లో మనం క్రూయిజ్ గురించి మాట్లాడుకుందాం. "సముద్రమే లేని సంగారెడ్డి జిల్లాలో కూర్చొని ఓడల ముచ్చట ఏంటన్నా" అంటారేమో. కరెక్టే, తెల్లాపూర్‌లో ఉన్నది చెరువే. కానీ కొల్లూరు దగ్గర ఓఆర్ఆర్ ఎక్కితే నేరుగా శంషాబాద్ ఎయిర్‌పోర్ట్. అక్కడి నుంచి ముంబై, చెన్నై, సింగపూర్, ఎక్కడికైనా ఫ్లైట్ ఉంది. ఒకసారి షిప్ ఎక్కి వచ్చిన ఫ్యామిలీలు మన చుట్టూనే ఉన్నాయి. వాళ్ళకి రెండోసారి బుక్ చేసేటప్పుడు వచ్చే డౌటే ఈరోజు టాపిక్.

డౌట్ ఏంటంటే: మొదటిసారి వెళ్ళిన కంపెనీ బాగుంది, మెంబర్‌షిప్ నంబర్ ఇచ్చారు, పాయింట్లు కూడా పడ్డాయి. ఇప్పుడు ఇంకో కంపెనీ ఇరవై వేలు తక్కువకి ఇస్తానంటోంది. మారాలా, వద్దా? పాత కంపెనీకి కట్టుబడి ఉంటే నిజంగా ఏమైనా లాభం ఉందా?

జవాబు ముందే చెప్పేస్తా. మనలాంటి చాలా మందికి పాయింట్ల కోసం ఆగాల్సిన అవసరం లేదు, మారొచ్చు. కాకపోతే ఆ ఇరవై వేలు నిజంగా తగ్గుతున్నాయా లేదా అన్నది లెక్క వేశాకే మారాలి. ఈ రెండూ ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు లాయల్టీ అంటే ఏంటో చూడండి. మీ అందరికీ తెలిసిన ఉదాహరణే, సిమ్ కార్డ్. 2011 జనవరి 20న దేశమంతా నంబర్ పోర్టబిలిటీ వచ్చింది. అంతకుముందు నెట్‌వర్క్ నచ్చకపోయినా మన వాళ్ళు అదే సిమ్ వాడేవాళ్ళు. కంపెనీ మీద ప్రేమతోనా? కాదు. నంబర్ పోతుందని. బ్యాంకులో, ఆఫీసులో, చుట్టాలందరి దగ్గర అదే నంబర్ ఉంది కాబట్టి. పోర్ట్ అని 1900కి మెసేజ్ పెడితే చాలు అన్నాక ఆ భయం పోయింది. అప్పటిదాకా లాయల్టీ అనుకున్నదాంట్లో సగం నిజానికి "మారితే ఏదో పోతుంది" అన్న భయమే.

క్రూయిజ్ కంపెనీలు కూడా ఆ భయాన్నే తయారుచేస్తాయి. వాటి లాయల్టీ క్లబ్బుల పని అదే.

రాయల్ కరీబియన్ క్లబ్ పేరు క్రౌన్ అండ్ యాంకర్ సొసైటీ. మామూలు కేబిన్‌లో ఒక రాత్రికి ఒక పాయింట్, సూట్ తీసుకుంటే రెండు. 3 పాయింట్లకి గోల్డ్, 30కి ప్లాటినం, 55కి ఎమరాల్డ్, 80కి డైమండ్, 175కి డైమండ్ ప్లస్, 700కి పినాకిల్. 700 రాత్రులు అంటే దాదాపు రెండేళ్లు సముద్రం మీదే కాపురం అన్నమాట.

ఇందులో చెప్పుకోదగ్గ లాభాలు డైమండ్ దగ్గర మొదలవుతాయి. రోజుకి నాలుగు డ్రింకులు ఫ్రీ, కొన్ని కేబిన్ల మీద డిస్కౌంట్, అలాంటివి. ఇప్పుడు మన లెక్క వేద్దాం. తెల్లాపూర్ నుంచి ఒక ఫ్యామిలీ ఏడాదికి ఒక్కసారి, నాలుగు రాత్రుల ట్రిప్ వెళ్తుంది అనుకోండి. ఏడాదికి నాలుగు పాయింట్లు. 80 రావాలంటే ఇరవై ఏళ్ళు. ఇవాళ యూకేజీ చదివే పాప పెళ్లి నాటికి డైమండ్ వస్తుంది. మందు ముట్టని ఇల్లైతే ఆ ఫ్రీ డ్రింకులు కాఫీకి, కూల్‌డ్రింక్‌కే పనికొస్తాయి. ఆ కాఫీ కోసం ఇరవై ఏళ్ళు ప్రతిసారీ ఎక్కువ రేటు కట్టుకుంటూ పోతామా?

అదే అమెరికాలో పోర్ట్ దగ్గర ఉండే మనవాళ్ళ సంగతి వేరు. టెక్సస్‌లో తెలుగువాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. గాల్వెస్టన్ పోర్ట్ హ్యూస్టన్ పక్కనే, డల్లాస్ నుంచైనా కారులో ఐదారు గంటలు. ఫ్లైట్ ఖర్చే లేదు. వాళ్ళు ఏడాదికి రెండుసార్లు ఏడేసి రాత్రులు వెళ్తే పద్నాలుగు పాయింట్లు, ఆరేళ్లలో డైమండ్. అక్కడ రిటైర్ అయి, ఏడాదికి నాలుగైదు ట్రిప్పులు కొట్టే పెద్దవాళ్ళకి ఇంకా తొందరగా వస్తుంది. వాళ్ళకి కంపెనీ మారితే పోయేది నిజంగా ఉంటుంది. కాబట్టి కొంచెం తేడాకి వాళ్ళు కదలరు. వాళ్ళు చెప్పే సలహా వాళ్ళకి కరెక్ట్, మనకి కాదు. యూట్యూబ్‌లో అమెరికన్ క్రూయిజ్ వీడియోలు చూసి "ఒకే కంపెనీతో ఉండండి" అని ఫిక్స్ అయ్యేవాళ్ళు గమనించాల్సింది ఇదే.

ఇంకో విషయం, ఆ పాయింట్లకి గ్యారంటీ ఎంత? కార్నివాల్ కంపెనీనే తీసుకోండి. ఏళ్ల తరబడి వాళ్ళ దగ్గర కూడా రాత్రుల లెక్కే నడిచింది. 75 పాయింట్లకి ప్లాటినం, 200కి డైమండ్, ఒకసారి వస్తే వచ్చినట్టే. 2025 జూన్‌లో కొత్త పద్ధతి ప్రకటించారు. 2026 నుంచి ఎన్ని రాత్రులు ఉన్నావు అని కాదు, ఎంత ఖర్చు పెట్టావు అన్నదాని మీద స్టేటస్. అది కూడా శాశ్వతం కాదు, మళ్ళీ మళ్ళీ సంపాదించుకోవాలి. పాతవాళ్ళకి కొన్నేళ్లు వెసులుబాటు ఇచ్చారు గానీ, ఎప్పటి నుంచో తిరుగుతున్న కస్టమర్లు గట్టిగానే గొడవ చేశారు. అంటే ఆట మధ్యలో రూల్స్ మార్చే హక్కు వాళ్ళ చేతిలోనే ఉంది.

రూల్స్ మారడం కాదు, కంపెనీయే మాయమైతే? మన దగ్గరే జరిగింది. 2019 ఏప్రిల్‌లో ముంబై నుంచి జలేష్ క్రూయిజెస్ అని మొదలైంది. మన దేశపు క్రూయిజ్ బ్రాండ్ అని పెద్ద ఎత్తున ప్రచారం చేశారు. షిప్ పేరు కర్ణిక. 2020లో కోవిడ్ వచ్చింది, ఓడ ఆగిపోయింది, అదే ఏడాది అక్టోబర్‌లో కంపెనీ మూతపడింది. కర్ణిక గుజరాత్‌లోని అలంగ్‌కి తుక్కు కింద వెళ్ళిపోయింది. సింగపూర్ హనీమూన్ ప్యాకేజీల్లో మీ బావలు, అక్కలు "స్టార్ క్రూజ్ ఎక్కాం" అని చెప్పేవాళ్ళు గుర్తుందా? ఆ స్టార్ క్రూజెస్ వెనకాల ఉన్న గెంటింగ్ హాంకాంగ్ కంపెనీ 2022 జనవరిలో దివాలా తీసింది. అదే ఏడాది జూన్‌లో వాళ్ళ పాత షిప్ గెంటింగ్ డ్రీమ్, రిసార్ట్స్ వరల్డ్ క్రూజెస్ అనే కొత్త పేరుతో సింగపూర్ నుంచి మళ్ళీ బయలుదేరింది. షిప్ అదే, పేరు వేరు.

ఇంకా దగ్గరి ఉదాహరణ వైజాగ్. 2022 జూన్‌లో కార్డీలియా ఎంప్రెస్ అని పెద్ద షిప్ విశాఖ పోర్ట్‌కి వచ్చింది. చెన్నై, పుదుచ్చేరి మీదుగా ట్రిప్పులు వేసింది. ఎంతోమంది తెలుగువాళ్ళకి అదే మొదటి క్రూయిజ్. తర్వాత 2023 సెప్టెంబర్‌లో విశాఖలో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ కూడా ప్రారంభించారు. మరి ఆ కార్డీలియా ఎంప్రెస్ ఏంటనుకున్నారు? 1990లో కట్టిన ఓడ అది. చాలా ఏళ్ళు రాయల్ కరీబియన్ దగ్గర ఎంప్రెస్ ఆఫ్ ద సీస్ పేరుతో తిరిగింది. కోవిడ్ టైమ్‌లో వాళ్ళు అమ్మేశారు. ఇప్పుడు చెప్పండి, మన లాయల్టీ దేనికి? ఓడకా, ఓడ మీద రాసిన పేరుకా?

పేర్ల వెనకాల ఇంకో మతలబు ఉంది. కార్నివాల్, ప్రిన్సెస్, హాలండ్ అమెరికా, కోస్టా, క్యూనార్డ్... ఇవన్నీ వేరు వేరు కంపెనీల్లా కనిపిస్తాయి. అన్నిటి యజమాని ఒక్కటే, కార్నివాల్ కార్పొరేషన్. రాయల్ కరీబియన్, సెలబ్రిటీ, సిల్వర్‌సీ ఒక గ్రూప్. నార్వేజియన్, ఓషియానియా, రీజెంట్ ఇంకో గ్రూప్. మీరు అలిగి కార్నివాల్ నుంచి ప్రిన్సెస్‌కి మారినా డబ్బు వెళ్ళేది ఆ ఇంటికే.

సరే, పాయింట్ల కోసం ఆగక్కర్లేదు అని తేలింది. అయితే వెంటనే చవక టికెట్ కొట్టేయాలా? ఆగండి, ఇక్కడే చాలామంది దెబ్బతింటారు.

షిప్ టికెట్ ఎందుకు అంత తగ్గిస్తారో అర్థం చేసుకోవాలి. ఓడ బయలుదేరాక ఖాళీగా ఉన్న కేబిన్ విలువ సున్నా. అందులో మనిషిని తక్కువకి ఎక్కించినా వాళ్ళకి లాభమే. ఎందుకంటే ఎక్కాక బార్, క్యాసినో, వైఫై, ఫోటోలు, స్పా, ఒడ్డున తిప్పే టూర్లు, అన్నిటికీ జేబులోంచి తీస్తాం. మనకి కనిపించే టికెట్ రేటు తలుపు దగ్గర కట్టే డబ్బు మాత్రమే.

ఒక లెక్క వేసి చూద్దాం. ఇవి అర్థం కావడానికి నేను వేసిన అంకెలు, ఏ కంపెనీవీ కావు. భార్యాభర్త, ఇద్దరు పిల్లలు, మూడు రాత్రులు. పాత కంపెనీ 1,20,000 అడుగుతోంది. పోర్ట్ ఛార్జీలు, టిప్స్ అందులోనే, పాత కస్టమర్ అని వైఫై కూడా ఫ్రీ. కొత్త కంపెనీ లక్షే అంటోంది. ఇరవై వేలు మిగులుతున్నాయి కదా? ఇప్పుడు కలుపుకుంటూ రండి. పోర్ట్ ఛార్జీలు మనిషికి 3,000 చొప్పున 12,000. టిప్స్ రోజుకి మనిషికి 400 చొప్పున 4,800. ఒక ఫోన్‌కి వైఫై రోజుకి 1,200, మూడు రోజులకి 3,600. మొత్తం 1,20,400. ఇరవై వేల లాభం కాస్తా నాలుగు వందల నష్టం అయింది.

టిప్స్ దగ్గర నవ్వకండి. అమెరికా కంపెనీల్లో ఇది రోజుకి మనిషికి దాదాపు 15 నుంచి 20 డాలర్లు. చిన్న పిల్లలకి కూడా చాలా కంపెనీలు వేస్తాయి. నలుగురు, ఏడు రాత్రులు అంటే ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి.

దీనికి తోడు మన ఊరి నుంచి ఉండే ఖర్చు. రెండు షిప్పులూ ఒకే పోర్ట్ నుంచి బయలుదేరకపోవచ్చు. ఒకటి చెన్నై, ఇంకోటి ముంబై అయితే ఫ్లైట్ రేటు, ముందు రోజు హోటల్ అన్నీ మారిపోతాయి. సింగపూర్ అయితే వీసా. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళి అక్కడి నుంచి క్రూయిజ్ ఎక్కే అమ్మానాన్నలకైతే ఇంకో జాగ్రత్త. షిప్ మెక్సికో వెళ్ళి తిరిగొస్తే అమెరికాలోకి మళ్ళీ అడుగుపెట్టినట్టే లెక్క. కాబట్టి మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉందో లేదో టికెట్ కొనకముందే చూసుకోవాలి.

డబ్బు కాకుండా ఆగిపోవడానికి మంచి కారణం ఒకటి ఉంది, తిండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే వాళ్ళు తినగలిగే వెజ్ భోజనం దొరుకుతుందా అన్నది పెద్ద విషయం. కార్డీలియాలో జైన్ భోజనం కూడా పెడతారు. మన దేశం నుంచి నడిచే షిప్ కాబట్టి ఆ బాధ తక్కువ. మూడు రోజులు నాయనమ్మ బ్రెడ్డూ పండ్లతో గడిపితే మిగిలిన పదివేలకి అర్థం లేదు. పాత కంపెనీలో ఇది బాగుంటే, దాని కోసం కొంచెం ఎక్కువ కట్టడం తప్పు కాదు. అది పాయింట్ల మోజు కాదు, మనకి నిజంగా అందే సౌకర్యం.

ఇప్పుడు, మారాలి అనుకున్నవాళ్ళకి మూడు పనులు.

ఒకటి, రెండు కంపెనీల రేట్లూ చివరి పేమెంట్ పేజీ దాకా వెళ్ళి స్క్రీన్‌షాట్ తీసుకోండి. మొదటి పేజీ రేటు చూసి పోల్చొద్దు. టాక్స్, పోర్ట్ ఛార్జీ, టిప్స్, ఫ్లైట్, హోటల్ అన్నీ కలిపి ఇంటి నుంచి ఇంటికి ఎంత అన్నదే అసలు రేటు.

రెండు, క్యాన్సిలేషన్ రూల్ చదవండి. చవక టికెట్లు చాలా వరకు నాన్ రిఫండబుల్. పిల్లల పరీక్ష డేట్ మారినా, పటాన్‌చెరులో షిఫ్ట్ డ్యూటీ చేసే అన్నకి సెలవు దొరక్కపోయినా డబ్బు మొత్తం పోతుంది. కొంచెం రేటు ఎక్కువున్నా వెనక్కి వచ్చే టికెట్ అలాంటి ఇంటికి నయం.

మూడు, మారేముందు రెండు చోట్లా అడగండి. కొత్త కంపెనీని "స్టేటస్ మ్యాచ్ ఉందా" అని అడగాలి. పాత కంపెనీలో మీ స్థాయి చూపిస్తే కొత్త క్లబ్‌లో దానికి దగ్గరి స్థాయి ఇవ్వడం అన్నమాట. ఎంఎస్‌సీ క్రూజెస్ దీనికి బాగా పేరు తెచ్చుకుంది. సిమ్ పోర్ట్ లాంటిదే ఇది, నంబర్ బదులు హోదా వెంట తెచ్చుకోవడం. రూల్స్ మారుతుంటాయి, బుక్ చేసే రోజున చూసుకోండి. పాత కంపెనీలో ఇప్పటికే బుక్ చేసి ఉండి, రేటు తర్వాత తగ్గితే, చివరి పేమెంట్ కట్టకముందే కొత్త రేటుకి మార్చమని అడగండి. అన్ని టికెట్లకీ కుదరదు గానీ అడిగితే పోయేదేం లేదు.

చివరిగా ఒక మాట. కంపెనీ మనల్ని "డియర్ లాయల్ గెస్ట్" అంటుంది. బాగానే ఉంటుంది. కానీ ఆ కంపెనీ మన కోసం ఎంత తగ్గించింది, ఏం ఎక్కువ ఇచ్చింది అన్నది ఈ ఏడాది బిల్లులో కనిపించాలి. కనిపిస్తే ఉండండి, కనిపించకపోతే నిశ్చింతగా మారండి. ఇంట్లో ఎవరైనా సెలవులకి క్రూయిజ్ ప్లాన్ చేస్తుంటే అడ్వాన్స్ కట్టకముందే ఈ లెక్క వాళ్ళకి పంపండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి, నమస్తే.