పెద్దమనుషుల మాట – కాయితం మీది రాత

మన ఊళ్ళల్లో గెట్టు పంచాయితి వచ్చిందంటే పెద్దమనుషులు కూర్చుంటారు. ఇద్దరినీ చెరికొంత తగ్గించి రాజీ చేస్తారు. కాని కాయితం రాసుకోకపోతే రెండు వానలకే గెట్టు మళ్ళీ జరుగుతుంది. ఈ సంగతి రైతు బిడ్డలకు కొత్తేమీ కాదు. రాజ్యాల మధ్య రాజీలూ ఇంతే.

1790లో అమెరికా కొత్త దేశం. స్వాతంత్ర్య యుద్ధంలో రాష్ట్రాలు చేసిన అప్పును కేంద్రమే మోయాలని ఆర్థికమంత్రి హామిల్టన్ పట్టుపట్టాడు. అప్పటికే చాలావరకు అప్పు తీర్చుకున్న వర్జీనియా ఎదురుతిరిగింది. జెఫర్సన్ తర్వాత రాసుకున్న ప్రకారం, ఆయన ఇంట్లో విందులో బేరం కుదిరింది: అప్పుల బిల్లుకు మాడిసన్ అడ్డు తగ్గించాలి, రాజధాని దక్షిణాన పోటోమాక్ నది ఒడ్డుకు రావాలి. జూలైలో ఒకటి, ఆగస్టులో ఒకటి, రెండూ చట్టాలైనాయి. 1800లో రాజధాని కదిలింది కూడా.

ఇక మన సంగతి. తెలంగాణను కొంతకాలం వేరుగా ఉంచాలని 1955లో ఫజల్ అలీ కమిషన్ సూచించింది. అయినా 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషుల ఒప్పందం జరిగింది. సంతకాలు చేసినవారిలో బూర్గుల రామకృష్ణారావు, బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి వంటివారితోపాటు మన ఆదిలాబాద్ జిల్లా నాయకులు జె.వి. నర్సింగరావు గారూ ఉన్నారు. తెలంగాణ మిగులు ఆదాయం తెలంగాణకే ఖర్చు పెట్టాలి, ముల్కీలకు ఉద్యోగ రక్షణ ఉండాలి, ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వారైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వారు కావాలి – ఇవి ముఖ్య షరతులు.

నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. మొదటి మంత్రివర్గంలోనే ఉపముఖ్యమంత్రి లేరు! మిగులు నిధుల లెక్క చూస్తే, ఖర్చుకాని సొమ్ము దాదాపు 34 కోట్లని లలిత్ కమిటీ, 28 కోట్లకు పైగా అని భార్గవ కమిటీ తేల్చాయి. ఉద్యోగాల కోసం 1957లో పార్లమెంటు చట్టమైతే చేసింది గాని, అందులోని కీలక సెక్షన్ రాజ్యాంగానికి విరుద్ధమని 1969 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టివేసింది. అప్పటికే విద్యార్థులు వీధుల్లో ఉన్నారు. తుపాకి గుండ్లకు బలైనవాళ్ళల్లో మన ఈడు పిల్లలున్నారు. సంతకాలు పెట్టినది పెద్దలు, మూల్యం చెల్లించినది పిల్లలు.

అట్లని రాసిన ప్రతి రాజీ న్యాయమైనదని కాదు. 1787లో అమెరికా రాజ్యాంగం సీట్ల లెక్క కోసం ఐదుగురు బానిసలను ముగ్గురిగా లెక్కగట్టింది. కాయితం ఉంది, సంతకాలున్నాయి. కాని ఆ బానిసలను అడిగినవాడు లేడు. 1861లో అంతర్యుద్ధం వచ్చి లక్షల ప్రాణాలు పోయాయి.

2014 జూన్ 2న తెలంగాణ ఏర్పడ్డప్పుడు హైదరాబాదు పదేండ్లకు మించకుండా ఉమ్మడి రాజధాని అని చట్టంలోనే రాశారు. 2024 జూన్ 2తో ఆ గడువు ముగిసింది. నోటిమాటకు, గడువు రాసిన చట్టానికి తేడా ఇక్కడే తెలుస్తుంది.

మిత్రులారా, రాజీ పిరికితనం కాదు, రాజీ లేనిదే కలిసి బతకలేము. కాని ఎవరిని కూర్చోబెట్టారు, ఎక్కడ రాశారు, మాట తప్పితే అడిగేదెవరు అని మనం ముందే అడగాలి. రేపు హాస్టలు మెస్సు గురించి మన యూనియన్ మాట్లాడి వచ్చినా సరే, వట్టి హామీతో కాదు, తేదీ వేసిన కాయితంతోనే తిరిగిరావాలి.