మొదటి మెట్టు మోసం

తివాచీ పీకి టేకు పలకలు పరుస్తున్నారు. మెరుపు బాగానే ఉంది. కాలే తడబడుతోంది.

మెట్లెక్కేటప్పుడు ఎవరూ మెట్ల వంక చూడరు. మొదటి రెండు అడుగుల్లోనే కాలు ఎత్తెంతో లెక్క కట్టేసుకుంటుంది. ఆ తర్వాత అదే లెక్కన లేస్తూ పోతుంది. చేతిలో కాఫీ గ్లాసున్నా, చెవి దగ్గర ఫోనున్నా, మధ్యలో కరెంటు పోయినా దానికి ఫరవాలేదు. ఆ లెక్క తప్పితే మాత్రం మనిషి నేల మీదే.

ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు నగరం భిలాయిలో ఈ లెక్కను తప్పించే అందమైన మార్గం ఒకటి ఇళ్లలోకి వచ్చింది. మెట్లకు చెక్క తొడగడం. కంపెనీ క్వార్టర్లలో ఈ సరదాకు తావు లేదు. అక్కడి రెండంతస్తుల బ్లాకుల్లో మెట్లు నలుగురివీను. రిటైరయ్యాక నెహ్రూనగర్‌లోనో, స్మృతినగర్‌లోనో, రిసాలీలోనో కట్టుకున్న సొంతింటి సంగతి వేరు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి ప్లాంటు పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకూ ఈ కాలనీల్లో మేడలున్నాయి. అప్పట్లో వేయించిన మొజాయిక్ మెట్లు జారుతున్నాయనో, చలికాలం కాలికి చల్లగా తగులుతున్నాయనో కొందరు వాటి మీద తివాచీ అంటించారు. అది మాసింది, అంచులు చిరిగాయి, దుమ్ము పట్టింది. ఈలోగా అమెరికా నుంచో హైదరాబాద్ నుంచో సెలవులకొచ్చిన పిల్లలు ‘‘తీసేసి చక్కగా చెక్క వేయించండి నాన్నా’’ అంటారు. డబ్బు పంపడానికీ వెనకాడరు.

రైలు పట్టా కొలతలో మిల్లీమీటరు తేడా వచ్చినా ఊరుకోని ఊరిది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ఇక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఇప్పుడు 130 మీటర్ల పట్టాను ఒకే ముక్కగా తయారు చేస్తున్న కర్మాగారం ఇది. అలాంటి చోట జీవితమంతా కొలతలతో గడిపిన మనిషి కూడా, సొంతింటి మెట్ల దగ్గర మిస్త్రీ ‘‘హో జాయేగా సాబ్’’ అనగానే సరే అనేస్తాడు.

ఏం జరుగుతుందో చూడండి. మెట్టు ఎత్తు 170 మిల్లీమీటర్లు అనుకుందాం. దాని మీద 25 మిల్లీమీటర్ల మందం ఉన్న టేకు పలక వేశారు. అన్ని మెట్లకూ అదే మందం కాబట్టి మధ్య మెట్ల ఎత్తు మారదు. కిందిది ఎంత లేచిందో పైదీ అంతే లేచింది. కానీ హాలు నేల లేవలేదు కదా. దాంతో మొదటి మెట్టు 195 అయి కూర్చుంటుంది. మేడమీది నేలా లేవలేదు. అందుకే పైన చివరి అడుగు 145కి పడిపోతుంది. ఒకే మెట్ల వరుసలో రెండంగుళాల తేడా. ఇళ్లలో మెట్టు ఎత్తు 190 దాటకూడదని మన జాతీయ భవన నిర్మాణ నియమావళి చెబుతోంది. అమెరికాలో ఇళ్లకు నమూనాగా తీసుకునే నియమావళి ఇంకో అడుగు ముందుకేసి, ఒక వరుసలోని అతి ఎత్తు మెట్టుకూ అతి పొట్టి మెట్టుకూ మధ్య తేడా అంగుళంలో ఎనిమిదింట మూడు వంతులు, అంటే సుమారు 9.5 మిల్లీమీటర్లు మించరాదంటుంది.

తివాచీతో ఈ తేడా రాలేదా? వచ్చింది. కాకపోతే అది పలచన, పైగా కాలి కింద అణిగిపోతుంది. టేకు అణగదు.

ఇంత చిన్న తేడాకు జనం పడిపోతారా అన్న అనుమానం ఉంటే న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ వైపు చూడాలి. అక్కడి 36వ వీధి సబ్‌వే స్టేషన్‌లో ఒక మెట్టు మిగతావాటికంటే కాస్తంత ఎత్తు, అంగుళం కూడా కాదు. 2012లో ఒక వీడియో చిత్రకారుడు అక్కడ కెమెరా పెట్టి కూర్చున్నాడు. ఒకరి తర్వాత ఒకరు, సరిగ్గా అదే మెట్టు దగ్గర తూలిపడుతున్న దృశ్యాలు ఇంటర్నెట్‌లోకి ఎక్కాక గానీ అధికారులు దాన్ని బాగు చేయలేదు. పడినవాళ్లలో ప్రతి ఒక్కరూ తప్పు తమదేననుకుని దులుపుకుని వెళ్లిపోయి ఉంటారు.

వాళ్లు ఎక్కుతూ తూలారు. దిగేటప్పుడు తూలితే దెబ్బ ఇంకా పెద్దది. 170 ఉందనుకుని దించిన కాలికి నేల 195 దగ్గర దొరికితే, ఆ కాస్త ఖాళీలో ఒళ్లు ముందుకు వాలిపోతుంది. పాతికేళ్ల వాడు తమాయించుకుంటాడు. డెబ్భై ఏళ్ల మనిషికి తుంటి ఎముకే విరగవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం పడిపోవడం వల్ల ఏటా సుమారు 6 లక్షల 84 వేల మంది చనిపోతున్నారు. ప్రమాద మరణాల్లో రోడ్డు ప్రమాదాల తర్వాతి స్థానం దీనిదే. ఎక్కువగా పోతున్నది అరవై దాటినవారు. పిల్లలు దూరాన ఉండి, ఇద్దరే మిగిలిన ఇళ్లలో ఈ అంకెకు అర్థం వేరే ఉంటుంది.

ఎత్తు ఒక్కటే తిప్పలు కాదు. తివాచీ పీకాక కనిపించేది అసలు మెట్టు. గట్టిపడిన జిగురు పొరలు, మేకుల గుంటలు, చెక్కులు లేచిన అంచులు. పెద్దిళ్లకు మేస్త్రీ చేత్తో పోసిన మెట్లు కావడంతో ఏ రెండూ ఒక్కలా ఉండవు. వాటిని చదును చేయకుండా పలక దించితే ఒక మూల గాలిలో ఉండిపోతుంది. అడుగేసిన ప్రతిసారీ కిర్రుమంటుంది. మలుపు మెట్లయితే ప్రతి దానికీ అట్టముక్కతో విడిగా అచ్చు తీసి కోయాల్సిందే. రెయిలింగ్ సంగతి చాలామందికి తోచదు. మెట్టు 25 మిల్లీమీటర్లు లేస్తే చేతికి ఆసరా అంతే మేర కిందికి పోయినట్టు.

ఇక చెక్క. సాలవృక్షం ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర వృక్షం. మన ఉత్తరాంధ్ర వాళ్లు గుగ్గిలం అంటారు. గట్టిదే, కానీ ఆరబెట్టడం కష్టం, పగుళ్లిస్తుంది. ఇంట్లో మెట్లకు టేకే నయం. సెంట్రల్ ప్రావిన్సెస్ అనే పేరు 1950లోనే పోయినా కలప దుకాణాల్లో ఇక్కడి టేకును నేటికీ ‘సీపీ టేకు’ అనే అడుగుతారు. అదైనా సరే, మే నెల ఎండలో బిగుసుకుని జులై ముసురులో ఉబ్బుతుంది. చెక్క పొడవులో దాదాపు కదలదు, వెడల్పులోనే కదులుతుంది. ఆ కదలికకు సందు ఇవ్వకుండా అంగుళమంతా జిగురు పూసి బిగిస్తే పలక వంకర పోతుంది, లేదా చీలుతుంది. కొన్న రోజునే కోయకుండా కొన్నాళ్లు ఆ ఇంట్లోనే పేర్చి ఉంచమనేది అందుకే. పైన అద్దంలా పాలిష్ కొట్టించడం మరో ముచ్చట. సాక్సు వేసుకున్న కాలికి అంతకంటే శత్రువు లేదు. అంచున గరుకు పట్టీ వేస్తే అందం పోతుందంటారు.

దారి లేక కాదు. హాలు నేలనూ మేడమీది నేలనూ అదే మందం మేర లేపితే లెక్క మళ్లీ కుదురుతుంది. అప్పుడు తలుపులన్నీ అడుగున కోయాలి, బాత్రూమ్ గడప చూసుకోవాలి, ఖర్చు రెట్టింపవుతుంది. లేదంటే ఎనిమిది, పది మిల్లీమీటర్ల పలచని పలకలు వాడాలి, అయినా రెండు చివర్లలో ఆ మేరకు తేడా తప్పదు. పాత మొజాయిక్ పొరను చెక్కేసి ఆ లోతులో చెక్క కూర్చడం అన్నిటికన్నా సరైనది. దుమ్ముతో వారం రోజులు ఇల్లు ఇల్లులా ఉండదు కనుక చాలామందికి నచ్చనిదీ అదే. ఏది చేసినా ముందు టేపు పట్టుకుని ప్రతి మెట్టూ కొలిచి గోడ మీద పెన్సిల్‌తో రాసుకోవాలి. అరగంట పని.

అది చేయని ఇళ్లలో మోకాళ్లు మొరాయించినవారు మంచాన్ని కింది గదికి మార్పించుకుంటారు. మేడమీదికి టేకు మెట్లెక్కేది ఇక సెలవులకొచ్చిన పిల్లలే.