సాంక్షను: ఒక మాట, రెండు ముఖములు

ఊరి వంతెనకు ప్రభుత్వమువారు పైకము సాంక్షను చేసిరని విన్నచో సంతోషింతుము. ఒక దేశముపై మఱియొక దేశము సాంక్షనులు విధించెనని విన్నచో కలవరపడుదుము. మొదటిది అనుమతి, రెండవది శిక్ష. ఒక్క ఆంగ్లపదమునకు ఈ విరుద్ధార్థములు రెండును ఎట్లు పొసగెనో సోదరీమణులకు విన్నవింప దలంచితిమి.

ఈ మాటకు పుట్టినిల్లు లాటిను భాష. అందు దీనికి మూలమైన క్రియకు పవిత్రము చేయుట, ఉల్లంఘింపరానిదిగా స్థిరపఱచుట అని యర్థము. పుణ్యపురుషులకు వాడెడి 'సెయింటు' అను మాటయు ఈ కుటుంబములోనిదే. రోమకులు తమ శాసనములలో, మీఱినవారికి దండన యిది యని చెప్పెడి భాగమునకు 'సాంక్టియో' యని పేరిడిరి. కావున శాసనమును స్థిరపఱచుటయు, దానికి కావలి కాచెడి దండనయు ఒక్క మాటలోనే యిమిడి యున్నవి. ఆంగ్లేయులు ఒకచోట అనుమతిని, వేఱొకచోట శిక్షను గ్రహించిరి. 1935లో ఇటలీ అబిసీనియాపై దండెత్తినపుడు నానాజాతి సమితి ఆ దేశముతోడి వర్తకమును కొంతవఱకు నిషేధించెను. ఆ నిషేధములను సాంక్షనులనిరి. నేటి తెలుగు పత్రికలు వీనినే 'ఆంక్షలు' అని వ్రాయుచున్నవి.

మనకిది వింత గాదు. పెద్దలకు పెట్టునది దండమే, తప్పు చేసినవానికి విధించునదియు దండమే. మన రాజుల దానశాసనములలో భూమి నిచ్చితిమను మాట ముందుండును; దానిని హరించినవారికి కలుగు పాపము చివర నుండును. ఈవికి శాపమే కావలి.

కావలి చాలని యనుమతి యెట్టిదో ఒక రాణి చరిత్రము తెలుపును. ఆస్ట్రియా నేలిన ఆఱవ చార్లెసు చక్రవర్తి 1713లో 'ప్రాగ్మాటిక్ సాంక్షను' అను శాసనము చేసి, కుమారులు లేనిచో కుమార్తెకే రాజ్యము చెల్లునని నిర్ణయించెను. యూరపు రాజులు పలువురు సమ్మతించిరి. 1740లో ఆయన గతించెను. ఆ యేటనే ప్రష్యా రాజు రెండవ ఫ్రెడరికు సైలీషియా సీమపై పడెను. కుమార్తె మరియా థెరీసా 1748 వఱకు పోరి తండ్రి రాజ్యమును నిలుపుకొనెను గాని, ఆ సీమలో అధికభాగము ఆమెకు మరల దక్కలేదు. సమ్మతించిన మాటను మీఱినవారిని దండించువా రెవరును లేకపోయిరి.

ఇందలి నీతి గృహిణులకును పనికివచ్చును. అప్పు సాంక్షనైన కాగితము చేతికి వచ్చినపుడు మంజూరైన మొత్తమును మాత్రమే చూచి మురియరాదు. వడ్డీ యెంత, వాయిదా తప్పినచో జరిమానా యెంత యను పంక్తులను సంతకమునకు ముందే చదువవలెను. చదువురానివారు నమ్మకమైనవారిచే చదివించుకొనవలెను. అట్లే, స్త్రీలకు హక్కు నిచ్చెడి చట్టము వచ్చినదని విన్నపుడు, దానిని మీఱినవారికి శిక్ష యేమని యడుగవలెను. ఆ ప్రశ్నకు జవాబున్నప్పుడే హక్కు మన చేతికి వచ్చినట్లు.