బొమ్మలకు నడక నేర్పిన పిల్లలు



రాత్రివేళ పిల్లవాడొకడు పొయ్యిలోని కొరవిని తీసి గిరగిర త్రిప్పినచో మనకు నిప్పుచక్రము కనబడును. అచ్చట చక్రము లేదు. ఉన్నది ఒక్క నిప్పుకణము. అది చోటు మారు వేగమును మన చూపు విడదీయజాలక, అన్నిటిని కలిపి చక్రమని భ్రమించును. దీనినే మన పెద్దలు అలాతచక్రమనిరి. మాండూక్య కారికలలో నాలుగవ ప్రకరణమునకు అలాతశాంతి యనియే పేరు. చిన్ననాడు గురుముఖమున ఈ మాట విన్న నాకు, ఇదే సూత్రముతో పసిపిల్లలు సినిమా తీయగలరని ఉద్యోగము విరమించిన తరువాతగాని తెలియలేదు. ఆ సంగతినే నేడు మనవి చేసెదను.

సినిమా యనగా సెకండుకు 24 కదలని చిత్రములు కంటియెదుట వరుసగా మారుటయే. వానిని కలిపి నడకగా గ్రహించునవి మన కన్నును, మనస్సును. నటునికి మారుగా ఒక బొమ్మను నిలిపి, దానిని కొంచెము కొంచెముగా జరుపుచు ఒక్కొక్క మారు ఒక్కొక్క ఫొటో తీసి, అన్నిటిని వరుసగా చూపినచో బొమ్మయే నడచినట్లుండును. దీనిని యానిమేషన్ అందురు.

ఇది మనకు బొత్తిగా క్రొత్తది కాదు. మన తోలుబొమ్మలాట దీనికి అన్న వంటిది. ధర్మవరమునకు చేరువనున్న నిమ్మలకుంటలో ఆ విద్య నేటికిని నిలిచియున్నది. అచటి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ బిరుదము లభించినది. భేదమొక్కటియే. తోలుబొమ్మను ఆడించువాడు మనము చూచుచుండగనే కదలించును. యానిమేషనులో కదలించు చేయి ఎవరికిని కనబడదు. జర్మనీ దేశమున లోట్టె రైనిగర్ అను విదుషి నల్లకాగితపు బొమ్మలను కత్తిరించి, కీళ్లు కూర్చి, ఈ రీతినే జరిపి 1926లో నిండునిడివి చిత్రమొకటి వెలువరించినది. మన దేశమున దాదాసాహెబ్ ఫాల్కే గారు, 1913 నాటి రాజా హరిశ్చంద్రకు ముందే, కుండలో నాటిన విత్తు మొలకెత్తి పెరుగుటను ఒక్కొక్క చిత్రముగా కెమెరాలో పట్టిరి. కడప జిల్లా బిడ్డయైన బి. నాగిరెడ్డి గారు చక్రపాణి గారితో కూడి నిర్మించిన మాయాబజారులో (1957) లడ్లు తమంతట తాము ఘటోత్కచుని నోటిలోనికి ఎగిరిపోవుట చూచి నవ్వనివారు మనలో లేరు.

ఇక మా కథ. కర్నూలు జిల్లాలో ఆదోని పడమటి వైపు ఒక పల్లె ప్రాథమిక పాఠశాల ఉన్నది. అచటి ఉపాధ్యాయుడు నా పాత శిష్యుడు. ఐదవ తరగతి పిల్లలచే బొమ్మల సినిమా తీయింతము రమ్మని అతడు పిలిచెను. "పిల్లలు ఫోను చూచి చెడిపోవుచున్నారని లోకమేడ్చుచుండగా, బడిలోనికి కూడ ఫోను తెత్తువా?" అని నేను మందలించితిని. అతడు నవ్వి, "చూచు పిల్లలు వేరు, చేయు పిల్లలు వేరు. ఒక్క పూట వచ్చి చూడుడు" అనెను. పోయితిని.

పిల్లలు ఎన్నుకొన్న కథ వేరుసెనగ పైరు. మన సీమలో బుడ్డలందుము. విత్తు మొలచును, పచ్చని పువ్వు పూయును, పువ్వునుండి ఊడ దిగి నేలలోనికి పోవును, అచ్చట కాయ ఊరును. ఆకులు, పువ్వులు, ఊడలు రంగు కాగితములలో కత్తిరించి, ఎర్రని అట్టపై పరచిరి. రెండు ఇటుకల దొంతులపై పలక నడ్డముగా నుంచి దానికి ఫోనును కదలకుండ కట్టిరి. ఎండ మారిన నీడలు మారును గనుక కిటికీలు మూసి ఒకే దీపము వెలిగించిరి. ఒకడు బొమ్మను జరుపును, చేయి తీయును. మరియొకడు ఫొటో తీయును. బల్లకు మోకాలు తగిలినచో ఆ పట్టంతయు మరల మొదటినుండియే.

సెకండుకు 12 చిత్రములు చాలునని లెక్క కట్టిరి. తరగతిలో 30 మంది. తలకు 12 వంతున 360 చిత్రములు. అనగా ఒక్కొక్క బిడ్డకు ఒక్క సెకండు, మొత్తము అర నిమిషము. ఊడ నేలకు దిగవలసిన దూరము 24 సెంటీమీటర్లు. ఆ పట్టునకు నలుగురు పిల్లలు, 48 చిత్రములు. కావున ఒక్కొక్క మారు అర సెంటీమీటరు జరుపవలెను. భిన్నములు నేర్పుటకు నేను ఏండ్ల తరబడి సుద్దముక్కలు అరగదీసితిని. ఆ పిల్లలు భిన్నమును వ్రేలితో జరిపిరి.

దీపావళి దాటినది. ఒక తెల్లవారుజామున లారీ వచ్చినది. వానలు తప్పిన యేట మన పడమటి పల్లెలవారు సుగ్గికి పోవుట మీకు తెలిసినదే. పత్తి తీయుటకు, మిరపకాయలు కోయుటకు గుంటూరు సీమకు పోయిన కుటుంబములతో నలుగురు పిల్లలును పోయిరి. ఊడ దించవలసినవారు ఆ నలుగురే. మిగిలినవారిలో ఎవరినైనను ఆ పని చేయుమంటిని. "అది వాళ్ల వంతు సార్, మేమెట్ల జరుపుతాము?" అనిరి. నేను మారు పలుకలేదు.

సంక్రాంతికి రచ్చకట్టవద్ద తెల్లపంచె కట్టి సినిమా చూపిరి. విత్తు మొలచినది, పువ్వు పూచినది. తరువాత నాలుగు సెకండ్లు వట్టి ఎర్రనేల. పిమ్మట కాయలు. "మిషను చెడిపోయినదా?" అని ఒక అవ్వ అడిగెను. "లేదవ్వా, అది మీ మనుమడు జరపాల్సింది" అని ఒక బాలిక చెప్పెను. అవ్వ తలవంచుకొనెను. నాలుగు సెకండ్లు ఎంత దీర్ఘమైనవో ఆనాడు మేమందరము ఎరిగితిమి.

ఉగాది తరువాత ఆ నలుగురు తిరిగివచ్చిరి. తమ వంతు తాము జరిపిరి. అదే బల్ల, అదే ఫోను. దీపము మాత్రము వేరు. కావున ఆ నాలుగు సెకండ్లు ఇప్పటికిని తక్కిన సినిమాకంటె కొంచెము పసుపుగా కనబడును. సినిమాలోని లోటు అట్లు పూడినది. చదువులోని లోటు పూడలేదు. వారిలో ఒకడు తన పేరు వ్రాయుచు నడుమ ఒక అక్షరము విడిచిపెట్టెను.

పెద్దలారా, తల్లిదండ్రులను నేను నిందింపను. కడుపు నిండని యింట నిలువుమనుటకు మనమెవరము? కాని సుగ్గి లారీ ఎక్కువేళ, ఇంట తాతయో అవ్వయో ఉన్నచో, "బిడ్డను నావద్ద విడువుము" అను మాట వారి నోట రావలెను. ఇంట పెద్దలు లేనివారి బిడ్డలకు బడిలోనే వసతి ఏర్పరచు పద్ధతి కలదు. వలస పోవువారి పిల్లల జాబితాను దసరాకు ముందే వ్రాయించి, ఆ వసతి కోరుట ఊరిపెద్దల పని. బడిలో బొమ్మల సినిమా తీయుదురేని, ఇదేమి ఆటయని కసరక, ఒక కథ చెప్పుడు, మీ గొంతు నిండు. జరుపుటకు మాత్రము పిల్లలందరు ఉండవలెను. ఒక్కొక్క బిడ్డకు ఒక్క సెకండు. ఆ సెకండును వారికి మారుగా ఇంకెవరును జరుపజాలరు.